జెర్రిపోతు తోకలో విషం

పెన్న ఒడ్డున సంగవరం అనే ఊళ్ళో, తాటాకు మీద రాసి ఉంటే చాలు, అది నిజమేనని నమ్మే కుటుంబయ్య అనే పండితుడు ఉండేవాడు. ఆ ఊరి చరిత్ర ఉన్న ఒకే ఒక తాళపత్రాల కట్ట ఆయన ఇంట్లోనే ఉండేది. దానికి కాగితం మీద నకలు రాసిస్తానని ఊరివాళ్ళకు మాటిచ్చి, అప్పుడప్పుడే పని మొదలుపెట్టాడు.

ఒక ఉదయం పుస్తకాల గది చూరులో ఆరడుగుల జెర్రిపోతు కనిపించింది. కుటుంబయ్య ఒక పాత వైద్యగ్రంథం తిరగేశాడు. "జెర్రిపోతునకు విషము తోకయందుండును" అని అందులో ఉంది. వెంటనే, పొలాల్లో ఎలుకలు పట్టే యానాది చెంచమ్మకు కబురు పంపాడు.

"దాన్ని చంపెయ్యి," అన్నాడు.

చెంచమ్మ పామును ఒడుపుగా కిందికి దించింది. "దీనికి నోట్లోనే విషం లేదు సామీ, తోకలోకి ఎక్కడినుంచి వస్తుంది?" అంటూ ఆ తోకను తన ముంజేతికి చుట్టుకుంది.

"నీకేదో మంత్రం తెలిసుంటుంది."

"మంత్రం తెలిస్తే ఎలకలు పట్టుకుని ఎందుకు బతుకుతాను?"

"అయితే గ్రంథం అబద్ధమాడుతుందా?"

"అది రాసినాయన ఎప్పుడన్నా జెర్రిపోతును పట్టుకున్నాడా సామీ?"

కుటుంబయ్య వాకిలి వైపు వేలు చూపించాడు.

"ఇది గట్ల మీదా గడ్డివాముల్లోనూ తిరుగుతూ ఎలకల్నీ కప్పల్నీ తిని బతికేది. చంపడానికి నాకు చెయ్యి రాదు," అని చెంచమ్మ దాన్ని తీసుకుపోయి ఏటి అవతలి చేలల్లో వదిలేసింది.

కోతలయ్యాక పొలాల్లోని ఎలుకలు ఇళ్ళకు చేరాయి. కుటుంబయ్య నెల రోజులు కూతురి ఊళ్ళో ఉండి వచ్చి, గది తలుపు తీశాడు. నేలంతా తాటాకు పొట్టు. ఊరి చరిత్రలో ఆయన అప్పటికి నకలు రాసినవి తొమ్మిది ఆకులు. మిగిలిన నూటపదీ పోయాయి. వైద్యగ్రంథంలో జెర్రిపోతు గురించి రాసిన ఆకు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆయన చెంచమ్మను మళ్ళీ పిలిపించాడు. "ఆ పామును తెచ్చి ఇక్కడే వదులు, చెంచమ్మా."

"అదేమన్నా పెంపుడు పిల్లి అనుకున్నారా సామీ? ఎలకలుంటే అదే వస్తుంది. వచ్చినప్పుడు మీరు నాకు కబురు పెట్టకుంటే చాలు."

ఆమె వెళ్ళాక కుటుంబయ్య గంటం తీసుకుని, వైద్యగ్రంథంలోని ఆ ఆకు అంచున "ఇది చూసి రాసినది కాదు" అని చెక్కాడు.

ఎంత పాత గ్రంథంలో ఉన్న మాటనైనా పరీక్షించి చూశాకే నమ్మాలి. చూడకుండా నమ్మినవాడు తనకు కాపలా ఉన్నదాన్నే వెళ్ళగొట్టుకుంటాడు.