పిలుపు మలుపులో ఎక్కినవాళ్ళు

రిగ్జిన్‌కు డ్రైవింగ్ బాగా వచ్చు. ఆ మాట ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ ఎవరూ అడక్కముందే తనే చెప్పుకుంటాడు, అదీ గొడవ.

మంచుకొండల్లో వాళ్ళ మఠం. మఠం వెనక కొండను చుట్టి ఒక మట్టిరోడ్డు పోతుంది. ఒకవైపు ఎక్కి, కనుమ దాటి, అవతల దిగి, తిరిగి మఠం ముందుకే వస్తుంది. అవతలివైపు నుంచి ఎక్కడం ఏ బండివల్లా కాదు. పేరుకు రోడ్డే గానీ సగం రాళ్ళు, సగం వాగులు. మామూలు కారు మొదటి వాగులోనే కూలబడుతుంది. నేలకు బాగా ఎత్తుగా ఉండే జీపైతేనే దాటగలదు. చూడ్డానికి మాత్రం అంత అందమైన దారి ఇంకోటి లేదు. అందంగా ఉంది కదా అని పక్కకు చూస్తూ నడిపినవాళ్ళు కొందరు లోయలోనే ఉండిపోయారు.

మఠం జీపును రిగ్జిన్ అన్న నవాంగ్ నడిపేవాడు. ఆ వేసవిలో ఒకరోజు జీపుతో సహా లోయలో పడి చనిపోయాడు. కొత్త జీపు రాగానే రిగ్జిన్ అడిగి మరీ తాళాలు తీసుకున్నాడు. అన్న కోసం అతను ఏడవగా ఎవరూ చూడలేదు.

ఆ దారిలో ఒక ఆచారం ఉంది. కనుమకు కింద పిలుపు మలుపు అని ఒక చోటు. ఆ రోడ్డు మీద ప్రాణాలు పోయినవాళ్ళు కనుమ దాటలేక అక్కడే నిలబడి ఉంటారట. పైకి వెళ్ళే ప్రతి డ్రైవరూ అక్కడ బండి ఆపి, వెనక తలుపు తీసి, వాళ్ళు ఎక్కేదాకా ఆగి, మళ్ళీ వేస్తాడు. కనుమ మీద రాళ్ళకుప్ప దగ్గర తలుపు తీసి వాళ్ళను దింపేస్తాడు. మధ్యలో అద్దంలోకి చూడడు. నమ్మినవాడూ ఆగుతాడు, నమ్మనివాడూ ఆగుతాడు. రిగ్జిన్ మాత్రం హారన్ కొట్టుకుంటూ దూసుకుపోయేవాడు.

కనుమ అవతల ఒక చిన్న మఠంలో ముసలి సన్యాసినులు ఉంటారు. అందరూ వాళ్ళను అవ్వలంటారు. మంచు పడి దారి మూసుకుపోయేలోపు ప్రతి ఏడూ వాళ్ళను కిందికి తీసుకురావాలి. లేకపోతే అక్కడ కట్టెలుండవు, మందులుండవు, చలికాలం గట్టెక్కలేరు. ఈసారి అవ్వలు కబురు పంపారు: "మలుపులో ఆగనివాడి బండి మేం ఎక్కం. చస్తే ఇక్కడే చస్తాం."

అప్పటికే మబ్బు కమ్ముతోంది. రిగ్జిన్ మండిపడుతూ గురువు యేషే లామా దగ్గరికి వెళ్ళాడు.

"మీరైనా చెప్పండి గురువుగారూ. రేపో ఎల్లుండో కనుమ మూసుకుపోతుంది. నాకంటే బాగా నడిపేవాడు ఎవడున్నాడు? బండి కింద ఒక్క రాయి తగలనివ్వను!"

"మలుపులో ఆగితే ఏం పోతుంది నాయనా?"

"అన్న ఆగలేదా? ప్రతిసారీ ఆగాడు. అడ్డమైనవాళ్ళనీ ఎక్కించుకున్నాడు. ఆ రోజు వాళ్ళలో ఒక్కడైనా అన్న చెయ్యి పట్టుకుని లాగాడా?"

రిగ్జిన్ మొహం తిప్పుకున్నాడు.

లామా శాలువా కప్పుకుని లేచాడు. "పద, ఒకసారి చుట్టి వద్దాం."

బయల్దేరారు. రిగ్జిన్ వాగులను చీల్చుకుంటూ పోయాడు. గుంటలో చక్రం పడి జీపు ఎగిరితే లామా తల పైకప్పుకు తగిలింది. ఇలాంటి చోట నవాంగ్, "తమ్ముడూ, గట్టిగా పట్టుకో" అనేవాడు. రిగ్జిన్ ఎవరికీ ఏమీ చెప్పడు. పట్టుకోకపోతే వాళ్ళ ఖర్మ.

మలుపు దగ్గరికి వచ్చేసరికి పొగమంచు దిగింది. పట్టపగలే దారి తెల్లగా చెరిగిపోయింది.

"ఆపు," అన్నాడు లామా.

ఆపక తప్పలేదు. లామా దిగి వెనక తలుపు తీశాడు. అంతవరకూ వీస్తున్న గాలి ఠక్కున ఆగిపోయింది.

"రండి, రండి. కొంచెం సర్దుకుని కూర్చోండి," అన్నాడు లామా, ఇంటికొచ్చిన చుట్టాలతో అన్నట్టు.

జీపు వెనక చక్రాల మీది స్ప్రింగు కమాన్లు కిర్రుమన్నాయి. బండి కాస్త కిందికి దిగింది. మళ్ళీ కిర్రుమంది, మళ్ళీ దిగింది. రిగ్జిన్ చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి.

"వేళ్ళు జాగ్రత్త," అని లామా మెల్లగా తలుపు వేశాడు. వచ్చి ముందు కూర్చున్నాడు. "పోనీ."

జీపు కదలనంది. ఎప్పుడూ రెండో గేర్లో ఎక్కే ఎత్తు అది. మొదటి గేరు వేస్తే గానీ మూలుగుతూ కదల్లేదు. వెనక నుంచి మెడ మీదికి చల్లగా ఊపిరి తగులుతోంది. రిగ్జిన్ అద్దంలోకి చూడలేదు. చూసే ధైర్యం లేదు.

కాస్త పైన దారి మధ్యలో దున్నరాయి అని ఒక బండరాయి ఉంది. రిగ్జిన్ జీపు ఏనాడూ దానికి తగల్లేదు. ఆ రోజు అడుగున కర్రుమని రాసుకుపోయింది.

"గురువుగారూ," అన్నాడు రిగ్జిన్.

"దారి చూడు," అన్నాడు లామా.

ఇక రిగ్జిన్ నెత్తిన నిండుకుండ ఉన్నవాడిలా నడిపాడు. ప్రతి రాయినీ చూసి, ప్రతి గుంట దగ్గరా ఆగి, మెల్లగా దింపి, మెల్లగా ఎక్కించాడు. అంత నెమ్మదిగా అతను నడపడం ఆ జీపుకే కొత్త.

కనుమ మీద రాళ్ళకుప్ప, దాని చుట్టూ రంగు వెలిసిన జెండాలు. లామా దిగి తలుపు తీశాడు.

"దిగండమ్మా, దిగండయ్యా. ఇక వెళ్ళండి."

కమాన్లు మళ్ళీ మళ్ళీ కిర్రుమంటూ పైకి లేచాయి. జెండాలు ఒక్కొక్కటే ఊగాయి. లామా తలుపు పట్టుకుని ఇంకా కాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపలికి చూస్తూ, "వేళ్ళు జాగ్రత్త," అని తలుపు వేశాడు.

అవతలివైపు దిగడం మొదలుపెట్టారు. రిగ్జిన్‌కు ప్రాణం లేచొచ్చింది. బండి తేలిగ్గా ఉంది. అటువైపు కూడా దారి మధ్యలో ఒక రాయి ఉంది. జీపులో ఇద్దరుంటే దాని మీదుగా వేలెడు సందుతో దాటిపోతుంది. మూడో మనిషి ఎక్కితే తగులుతుంది. అది రిగ్జిన్‌కు బాగా తెలుసు.

అడుగున ఏదో సన్నగా గీరుకుంది.

రిగ్జిన్ బ్రేకు వేశాడు.

"ఒకరు దిగలేదు గురువుగారూ."

లామా జపమాల తిప్పుతూ ఉండిపోయాడు.

ముందు ఏటవాలుగా, అంతా రాళ్ళతో దారి దిగిపోతోంది. రిగ్జిన్ కళ్ళు మసకబారాయి. చేతి వెనకవైపుతో తుడుచుకున్నాడు. మళ్ళీ మసకబారాయి. ఈసారి తుడుచుకోలేదు, వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుపు తగ్గాక మొదటి గేరు వేశాడు. వెనక్కి చూడకుండా అన్నాడు:

"అన్నా, గట్టిగా పట్టుకో."

వెనక సీటు ముందున్న ఇనపకడ్డీ కిర్రుమంది.

లామా జపమాల తిప్పడం ఆపాడు.

"అవ్వలను మూటలు సర్దుకోమని చెబుదాం. రేపు నువ్వే తీసుకురా," అన్నాడు.