పాలగిన్నె పందెం

విరోధి నామ సంవత్సరం, మండువేసవి. గాజుల కొండయ్య తాతలనాటి కొలిమి మీద ఆస్థాన పనివాడు శరభయ్య కన్ను పడింది. రాజుకు గాజు పాలగిన్నె ముందు ఎవరు తయారుచేస్తే కొలిమి వాళ్ళదేనని పందెం పెట్టించాడు.

శరభయ్య చకచకా గిన్నె ఊది, గాలికి ఆర్చి, రాజు ముందు పెట్టేశాడు. కొండయ్య తన గిన్నెను వేడి బూడిదలో పూడ్చి, చుట్టూ నిప్పులు పేర్చి కూర్చున్నాడు.

"ఏరా కొండిగా, గిన్నెకు సమాధి కట్టావా?" అన్నాడు శరభయ్య. అందరూ నవ్వారు.

కొండయ్య లేచి రాజుకు దణ్ణం పెట్టాడు. "అయ్యగారిదే ముందు ప్రభూ. సలసల కాగే పాలు తెప్పించి అందులోనే తాగండి."

శరభయ్య గబుక్కున గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టాడు. హడావిడిగా ఆర్చిన గాజు వేడికి ఆగదని అతనికీ తెలుసు. "ఇవాళ వద్దు ప్రభూ, రేపు పాలు పోద్దాం!"

"రేపటికి నాదీ తయారవుతుంది కదయ్యా," అన్నాడు కొండయ్య. "మరి మీది ముందెలా అవుతుంది?"

రాజు నవ్వి, మర్నాటిదాకా ఆగాడు. పాలు పోయగానే శరభయ్య గిన్నె నిలువునా చీలింది. రాజు కొండయ్య గిన్నెలో పాలు తాగి, కొలిమి అతనిదేనన్నాడు.

అంతకుముందు రాత్రి, గిన్నె నెమ్మదిగా చల్లారేదాకా నిప్పు నిలపడానికి కట్టెలు చాలక, కొండయ్య తన ఇంటి తలుపులు రెండూ కాల్చేశాడు.