కుంట నీళ్లు తాగిన దొంగ

వెనుకటికి ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. తన మేడ మీంచి ఊరి మంచినీళ్ల కుంట కనబడటం లేదని, దాని పడమటి గట్టున ఉన్న కానుగచెట్లన్నీ కొట్టించాడు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. గట్టున నీడ లేదు, వడగాలికి అడ్డు లేదు. కుంటలో నీరు రోజురోజుకీ తరిగిపోయింది.

"ఎవడో దొంగతనంగా తోడుకుపోతున్నాడు!" అని మండిపడి రాజు, కుంట కాపలాదారు ఓబన్నను ఖైదులో వేయించాడు. ముప్పై ఏళ్లుగా ఆ నీటిని కనిపెట్టుకున్న ముసలివాడతను. "ఒక్క ముంత కూడా దాటనివ్వలేదు దొరా" అని ఎంత మొత్తుకున్నా వినలేదు.

కొలువులో తిప్పరసు అనే చమత్కారి ఉన్నాడు. "ప్రభూ, మూడు రోజులు గడువివ్వండి. అసలు దొంగను చూపిస్తాను" అన్నాడు.

రెండు గంగాళాలు తెప్పించి సమంగా నీళ్లు పోయించాడు. ఒకదాన్ని మేడ మీద ఎండలో పెట్టించాడు. రెండోదాన్ని పక్కనే ఉంచి, చుట్టూ తాటాకు తడికెలు కట్టించి, పైన పందిరి వేయించాడు.

"వీటికి కాపలా తమరే. తమ కళ్లు కప్పగల దొంగ ఉన్నాడా?"

రాజు పొంగిపోయి, గొడుగు పట్టించుకుని అక్కడే కూర్చున్నాడు.

మూడోనాటికి ఎండలోని గంగాళంలో రెండు వేళ్ల నీరు తగ్గింది. నీడలోని దాంట్లో అర వేలైనా తగ్గలేదు.

"నీళ్లేవి ప్రభూ?"

"నేను కదల్లేదు. ఎవడూ రాలేదు!"

"అయితే తమరే తాగారా? ఓబన్న పక్కన ఇంకొకరికి చోటుందేమో కనుక్కోమంటారా?"

రాజు ఉరిమి చూశాడు. అంతలోనే పకపకా నవ్వాడు.

"ఎండా గాలీ తాగేశాయయ్యా! వాటిని నేనెలా పట్టుకోను?"

"ఇన్నాళ్లూ పట్టి ఆపినవి ఆ కానుగలే ప్రభూ."

నవ్వు ఆగిపోయింది. నరికేసిన మొదళ్లు మేడ మీంచి చక్కగా కనబడుతున్నాయి.

ఆ పూటే రాజు స్వయంగా వెళ్లి ఓబన్నను విడిపించాడు. "తప్పు నాది" అన్నాడు. గట్టు పొడవునా తడికెలు నిలబెట్టించి, కొత్త మొక్కలు నాటించాడు. మిగిలిన నీరు తొలకరి దాకా ఊరి గొంతు తడపడానికి ఎలాగో సరిపోయింది.

రాజు తన కంకణం తీసి ఇవ్వబోతే తిప్పరసు పుచ్చుకోలేదు.

"చెట్లు కొట్టేనాడు నేనూ తమ పక్కనే ఉన్నాను ప్రభూ. ఏమవుతుందో తెలుసు. తమకు కోపం వస్తుందని నోరు మెదపలేదు."

ఆ మొక్కలు చెట్లయ్యేసరికి పదేళ్లు పట్టింది. అప్పటికి ఓబన్న లేడు. తిప్పరసు మాత్రం ప్రతి వేసవిలోనూ వాటికి తన చేత్తోనే నీళ్లు పోసేవాడట.