రాజుగారి ఇల్లు ఎక్కడిదాకా?

వెనకటికి ఒక రాజ్యంలో ఈరమ్మ అనే నేతగత్తె ఉండేది. తాను కట్టుకున్న ఇంట్లో, తన మగ్గం మీద నేసుకుంటూ, ఎవరికీ తలవంచకుండా బతికేది. ఒకరోజు దండనాయకుడు భైరవయ్య అడగకుండానే గడప దాటి వచ్చి, "మగ్గం పీకెయ్. ఇక్కడ నా గుర్రాల్ని కట్టాలి" అన్నాడు.

"ఇది నా ఇల్లయ్యా!"

"రాజ్యమంతా రాజుగారి ఇల్లే. ఆయన ఇంట్లోకి రావడానికి ఆయన మనిషి నిన్ను అడిగేదేమిటే?"

ఈరమ్మ నేరుగా కొలువుకు పోయి మొరపెట్టుకుంది. భైరవయ్య అక్కడా అదే మాట అన్నాడు. రాజు మీసం దువ్వుకుని, "నిజమే కదా!" అన్నాడు.

"అయితే మహారాజా, ఈయన మీ కొలువు గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. నా ఇంట్లోకి మాత్రం చెప్పులతోనే వచ్చాడు. అదీ మీ ఇల్లే అయితే, ఇంత అమర్యాదా?"

రాజు ముఖం ఎర్రబడింది. "ఏమోయ్ భైరవయ్యా! నా ఇంట్లో చెప్పులా? ఇవాళ్టినుంచి రాజ్యమంతా ఉత్తకాళ్ళతో తిరుగు!"

బయట ఎండ మండిపోతోంది. భైరవయ్య నసిగాడు. "మహారాజా, ఇల్లంటే... ఈ కోట వరకే లెండి."

"విన్నారుగా మహారాజా! మీ ఇల్లు మీ గడపతో ఆగింది. నా ఇల్లు నా గడపతో మొదలవుతుంది. ఆ మధ్య దారిలో దొంగలు రాకుండా చూడడమే మీ పని" అంది ఈరమ్మ.

రాజు తలూపి, "ఇకమీదట ఆమెను అడగందే ఆ గడప దాటకు" అన్నాడు భైరవయ్యతో.

మర్నాడు భైరవయ్య వీధిలోనే నిలబడి పిలిచాడు. "ఈరమ్మగారూ, గుర్రాలకు ఓ మూల కాస్త చోటిస్తారా?"

"ఇవ్వను" అంది ఈరమ్మ, మగ్గం ఆపకుండానే.

దండనాయకుడు గుర్రాల్ని తోలుకుని వెళ్ళిపోయాడు.