ఎర్రచేతుల అవ్వకు గొడుగు

అనగనగా ఒక దీవి. దాని పేరు జావా. మన రేవుల నుంచి ఓడలు బట్టల మూటలు వేసుకుని అక్కడికి వెళ్లేవి. వచ్చేటప్పుడు లవంగాలూ జాజికాయలూ తెచ్చేవి. వాటితో పాటే ఈ కథ కూడా వచ్చింది. ఎప్పుడొచ్చిందని నన్నడక్కండి. మా తాతకు వాళ్ల తాత చెప్పాడు. ఆయనకెవరు చెప్పారో ఆయన చెప్పలేదు.

ఆ దీవిలో ఒక పెద్ద సామ్రాజ్యం ఉండేది. కోట గుమ్మం మీద ఎనిమిది కిరణాల సూర్యుణ్ణి చెక్కారు. బురుజు మీద జెండా ఎగిరేది. జెండాకి తొమ్మిది చారలు, ఐదు ఎరుపు, నాలుగు తెలుపు. ఎరుపేమో తాటిబెల్లం, తెలుపేమో కొబ్బరి అని అక్కడి జనం మురిపెంగా చెప్పుకునేవాళ్లు. తీపి లేని రాజ్యం రాజ్యమేనా అనేవాళ్లు.

ఆ రెండు రంగులకీ మూడు కట్టుబాట్లు ఉండేవి. ఎరుపు, తెలుపు కలిపి రాజవంశం వాళ్లు తప్ప ఇంకెవరూ ఒంటి మీద పెట్టుకోకూడదు. పెట్టుకుంటే, ఆ రంగు ఏ అవయవం మీద ఉంటే ఆ అవయవం కోటకు చెందుతుంది. అంటే కత్తి దాని మీదికి వస్తుందన్నమాట. ఇక మూడోది, ఆ రంగులు వీధిలోకి వస్తే పైన గొడుగు పట్టాలి, జనం ఎక్కడివాళ్లక్కడ నేల మీద కూర్చోవాలి. గొడుగు లేకుండా ఎండలో తిప్పినవాడికి తల ఉండదు. మనమైతే గౌరవానికి లేచి నిలబడతాం, వాళ్లు కూర్చుంటారు. ఎవరి పద్ధతి వాళ్లది.

కోటకు దూరంగా, ఏటి ఒడ్డున అద్దకం వాళ్ల వాడ ఒకటి ఉండేది. ఆ వాడలో లెగినా అనే అవ్వ ఉండేది. మొగుడు పోయాడు, కొడుకు పడవల మీద పనికి పోయాడు, కోడలు పొనిరా తోడుగా ఉండేది. లెగినాకు చదువు లేదు, పొలం లేదు, పట్టుచీర లేదు. ఉన్నదల్లా ఒక రంగుతొట్టి, రెండు చేతులు.

ఆ చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి. తొగరుచెట్టు వేరు దంచి, నీళ్లలో మరిగించి, ఆ రంగునీళ్లలో బట్టను యాభై ఏళ్లుగా పిసికిన చేతులు మరి. కడిగితే పోయే ఎరుపు కాదది. జుట్టు మాత్రం కొబ్బరికోరులా తెల్లగా నెరిసిపోయింది.

ఈ రెండూ ఒకే ఒంటి మీద ఉన్న సంగతి ఇన్నేళ్లలో ఒక్కరి కంటా పడలేదు. పడ్డా ఎవరికీ తప్పుగా తోచలేదు. అలా తోచడానికి ఒక పెద్ద ఉద్యోగి రావాలి కదా, వచ్చాడు.

ఆయన పేరు కెబో వర్ధన. కెబో అంటే వాళ్ల భాషలో దున్నపోతు. నవ్వకండి, అక్కడ పెద్ద దొరలు గొప్ప కోసం పెట్టుకునే పేరది. రాజచిహ్నాలను కాపాడే పని ఆయనది. చెడ్డవాడని నేననను. పని మీద ప్రేమ ఎక్కువై, మనుషుల మీద చూపు తగ్గినవాడు.

ఆ ఏడు రాణిగారు కొత్త ఓడ కట్టించింది. గాలి తిరగ్గానే అది మూడు వందల మందితో సముద్రం మీదికి పోవాలి. దానికి కొత్త జెండా కావాలి. ఎరుపు అద్దే పని లెగినాకు వచ్చింది. పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని కెబో వర్ధన అద్దకం వాడకు వచ్చాడు. అవ్వ తొట్టిలోంచి చేతులు బయటికి తీసి దణ్ణం పెట్టింది. ఆయన చేతులు చూశాడు. తల చూశాడు. మళ్లీ చేతులు చూశాడు.

"ఎరుపూ తెలుపూ కలిపి పెట్టుకున్నావే" అన్నాడు.

అవ్వ నవ్వింది, ఆయన నవ్వలేదు. తెలుపు దేవుడిచ్చింది కాబట్టి దాని జోలికి పోనన్నాడు, జుట్టుకు నీలిమందు పూసి నా కళ్లు కప్పాలని చూడకన్నాడు. ఎరుపు నువ్వు పెట్టుకున్నది, అదే పోవాలన్నాడు. పున్నమికి మళ్లీ వస్తాననీ, అప్పటికి చేతుల ఎరుపు పోకపోతే అవి కోటవి అయిపోతాయనీ చెప్పి వెళ్లిపోయాడు. పున్నమికి ఇంకా పదిహేను రోజులుంది.

పొనిరా పరుగెత్తి నిమ్మకాయలూ బూడిదా తెచ్చింది. రోజుకు నాలుగుసార్లు రుద్దితే పదిహేను రోజులకు కొంతైనా దిగుతుంది, తొట్టి ముట్టుకోకు అంది.

అవ్వ తల అడ్డంగా ఊపింది. "బట్ట తొట్టిలో ఉందమ్మాయ్" అంది. చేతులు తొట్టిలో పెట్టింది.

అద్దకం పని తెలియనివాళ్లకు ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. తొగరు ఎరుపు ఒక్కపూటలో రాదు. బట్టకు నూనె పట్టించాలి, బూడిదనీళ్లు పట్టించాలి, ఆరబెట్టాలి. ఆ తర్వాత రంగునీళ్లలో రోజూ పిసకాలి. మధ్యలో ఆపితే చూడటానికి ఎర్రగానే ఉంటుంది, తొలి వానకే కారిపోతుంది. ఎరుపు కారి తెలుపు మీద పడ్డ జెండా అంటే అపశకునం, దాని కింద ఆ సముద్రం మీద ఎవ్వడూ ఓడ ఎక్కడు. ఎక్కించినా గుండెలో భయం పెట్టుకునే ఎక్కుతాడు.

మర్నాడు పొనిరా ఒక కర్ర తెచ్చింది. చేతులు తడవకుండా దీంతో తిప్పు అత్తా అంది.

కర్రకు మడత ఎక్కడుందో ఎలా తెలుస్తుంది, మడతలోకి రంగు ఎలా పోతుంది అని అవ్వ అడిగింది. "బట్ట తొట్టిలో ఉందమ్మాయ్" అంది. చేతులు తొట్టిలో పెట్టింది.

మూడోనాడు పొనిరా కర్ర తేలేదు, నిమ్మకాయ తేలేదు. తన చేతులే చాపింది.

"నేను పిసుకుతాను. నా జుట్టు నల్లగానే ఉందిగా. నన్నెవరేమంటారు?"

అవ్వకు కళ్లనీళ్లు వచ్చాయి. కోడలి చేతులు పట్టుకుని చూసింది. మంచి చేతులే, కానీ రంగు ఎప్పుడు పట్టిందో నీటి వేడిని బట్టి చెప్పగలిగే చేతులు కావింకా. అవి అలా అవడానికి పదేళ్లు పడుతుంది.

"వచ్చే ఏటి బట్ట నీదే. ఇది మాత్రం మూడు వందల మంది తలెత్తి చూసుకునే బట్ట. దీని మీద నేర్చుకోవద్దు. బట్ట తొట్టిలో ఉందమ్మాయ్."

చేతులు తొట్టిలో పెట్టింది. ఆ పదిహేను రోజులూ తియ్యలేదు, తిండికీ నిద్రకీ తప్ప. భయం లేదనుకునేరు, ఉంది. పిసుకుతూ పిసుకుతూ ఆగి ఒక్కోసారి తన వేళ్లనే చూసుకునేదట. చూసుకుని మళ్లీ పిసికేదట.

పున్నమి వచ్చింది. బట్ట తొట్టిలోంచి బయటికి వచ్చింది. తెల్ల పీలికలు కలిపి కుట్టారు. జెండా తయారైంది. కెబో వర్ధన వచ్చి అవ్వ చేతులు చూశాడు. అవి మునుపటికంటే ఎర్రగా ఉన్నాయి. ఆయనకు ఒళ్లు మండిపోయింది. జెండాతో పాటు ఆవిణ్ణీ కోటకు నడిపించమన్నాడు.

జెండాను పల్లకిలో పెట్టారు. పైన రెండు బంగారు గొడుగులు పట్టారు. పల్లకి వస్తుంటే దారి పొడుగునా జనం నేల మీద కూర్చున్నారు. పల్లకి దాటిపోగానే లేచి మట్టి దులుపుకున్నారు. ఆ దుమ్ములో వెనకాల అవ్వ నడిచింది. పొద్దున బయల్దేరితే కోట చేరేసరికి మిట్టమధ్యాహ్నం. కాళ్లు బొబ్బలెక్కాయి, మాడు కాలిపోయింది.

రాణిగారు కొలువులో కూర్చుంది. చిన్న వయసే, కానీ తొందరపడే మనిషి కాదు. జెండాను నీళ్లలో ముంచమంది. ముంచారు, నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. రెండోసారి ముంచి పిండారు, నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మూడోసారి బండకేసి బాదారు. తెలుపు మీద ఒక్క చుక్క ఎరుపు పడలేదు. రాణిగారి ముఖం విప్పారింది. ఎవరద్దారని అడిగింది.

ఈవిడేనన్నాడు కెబో వర్ధన, ఈవిడే దోషి కూడానన్నాడు. కట్టుబాటు చదివాడు. రాణిగారు అటూ ఇటూ తూచి చూసుకుంది. తాతల నాటి కట్టుబాటును అందరి ముందూ కాదంటే రేపు ఏ కట్టుబాటూ నిలవదు. అవునంటే ఆ చేతులు పోతాయి. చివరికి, చెప్పుకునేదేమన్నా ఉందా అవ్వా అని అడిగింది.

లెగినా అక్కడే నేల మీద కూర్చుంది, బొబ్బల కాళ్లు ఒకపక్కకు ముడుచుకుని.

"చెప్పుకునేది లేదు తల్లీ. ఒక సందేహం ఉంది. దారిలో ఎండ ఎక్కువగా ఉంది. జెండాకి రెండు గొడుగులు పట్టారు. నా చేతులదీ ఆ రంగేనని దొరగారే అంటున్నారు. మరి నాకెందుకు పట్టలేదు?"

రాణిగారు మెల్లగా కెబో వర్ధన వైపు తిరిగింది.

ఆయన లెక్క వేసుకున్నాడు. అది రాజుల రంగే అంటే, గొడుగు లేకుండా ఎండలో తిప్పినందుకు తన తల పోతుంది. కాదంటే అవ్వ మీద తప్పే లేదు. జీవితమంతా కట్టుబాట్లు కాపాడిన మనిషి, మధ్యాహ్నం దాకా తనే కట్టుబాటు తప్పుతూ నడిచాడు. అది తెలిసొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. తల వంచుకుని, అది రాజుల రంగు కాదు, వట్టి పనిచేసే చేతులు మహారాణీ అన్నాడు.

"కాదు, నా రంగే" అంది రాణిగారు. "నా జెండాలో ఉన్న ఎరుపు ఆ చేతుల్లోంచే వచ్చింది. ఆ చేతులు కోటవే. కోటవి కాబట్టి ఎవ్వరూ వాటి మీద కత్తి ఎత్తకూడదు. నీ తలా నాకొద్దు. గొడుగు తీసుకో. అవ్వను ఇంటిదాకా దిగబెట్టిరా."

కెబో వర్ధన గొడుగు పట్టాడు. వచ్చిన దారినే వెనక్కి నడిచారు. ఈసారి అవ్వ పల్లకిలో ఉంది. జనం కూర్చున్నారు. అవ్వకు మహా ఇబ్బందిగా ఉంది. "లేవండర్రా, మీకు పనులు లేవూ" అని దారంతా అంటూనే ఉంది. ఎవ్వరూ లేవలేదు. మూడు కోసులు గొడుగు పట్టి పట్టి దొరగారి చెయ్యి పడిపోయింది, అయినా చెయ్యి మార్చుకోలేదట. వాడ చేరాక తనే వంగి అవ్వకు దణ్ణం పెట్టాడట. నాకు ఆయన మీద అప్పుడే కొంచెం మనసు కరిగింది.

ఓడ వెళ్లింది, తిరిగి వచ్చింది. వానకూ ఉప్పునీళ్లకూ జెండా ఎరుపు ఎరుపుగానే ఉంది, తెలుపు తెలుపుగానే ఉంది. పొనిరా పదేళ్లు తిరిగేసరికి తొట్టి వేడిని చేత్తో చెప్పగలిగింది. అవ్వ కన్నుమూసిన రోజున ఎవరూ కబురు పెట్టకుండానే ఒక ముసలి దొర కర్ర పొడుచుకుంటూ వాడకు వచ్చాడు. చితి దాకా గొడుగు పట్టింది ఆయనే.

తర్వాత ఆ సామ్రాజ్యం పోయింది. సూర్యుణ్ణి చెక్కిన రాళ్లు ఎవరో బావిగట్టుకు వేసుకున్నారు. రాణి ఎవరో, ఆమె పేరేమిటో జనం మర్చిపోయారు. ఆ కట్టుబాట్లు అడిగేవాడూ లేడు, చదివేవాడూ లేడు. కానీ ఆ ఏటి ఒడ్డున ఈనాటికీ తల నెరిసిన అద్దకం ముసలమ్మ ఎవరైనా ఎర్రచేతులతో ఎండలోకి వస్తే, అరుగుల మీది వాళ్లు దిగి నేల మీద కూర్చుంటారట. దగ్గరున్నవాళ్లు గొడుగు పడతారట. గొడుగు లేకపోతే అరిటాకు పడతారట. అరిటాకూ దొరకకపోతే, ఆమె తల మీద ఎండ పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి ఇంటిదాకా నడుస్తారట.