గడప దాకా వచ్చిన అన్నం

చెన్నకేశవులుకు లోకంలో ఒక్కటే భయం. ఊరికే కూర్చోవడం.

కరెంటాఫీసులో ఇంకా చాలా ఏళ్ల సర్వీసు ఉండగానే ఆయన స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాడు. ఒంట్లో షుగరు చేరిందని, ఇట్లాగే కుర్చీకి అతుక్కుపోతే కష్టమని డాక్టరు హెచ్చరించాడు. తనకంటే ముందు రిటైరైన వాళ్లను చెన్నకేశవులు చూస్తూనే ఉన్నాడు. పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం టీవీ. చూస్తుండగానే మనుషులు సగమైపోయారు. తన బతుకు అట్లా కాకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

తెల్లవారగానే బూట్లు కట్టుకుని పరుగు మొదలుపెట్టాడు. మొదట్లో కుక్కలు వెంటపడ్డాయి. పాలవాళ్లు "ఏం సారూ, ఎవురన్నా తరుముకుంటాండారా?" అని ఎగతాళి చేశారు. కొన్నాళ్లకు కుక్కలూ సర్దుకున్నాయి, పాలవాళ్లూ సర్దుకున్నారు. షుగరు దిగింది. పరుగు ముగిశాక మిగిలిన పొద్దు ఎట్లా గడపాలో తెలియక, కొండ వాలు మీది దర్గాలో సేవకు చేరాడు.

దర్గాలో ఉండే గురువు నూరుద్దీన్ సాహెబ్. ఊరంతా ఆయనను నూర్ బాబా అనేది. ఉపదేశం కావాలని ఎవరైనా వస్తే చేతికి చీపురు ఇచ్చేవాడు. చీపురు పట్టలేని వాళ్లకు గరిటె. చెన్నకేశవులు రెండూ పట్టాడు, ఇంకేమైనా ఉందా అని అడిగాడు. బాబా ఆయనను చూసి నవ్వేవాడు.

రోజూ మధ్యాహ్నం అక్కడ వచ్చిన వాళ్లందరికీ పుల్లటి పప్పుకూర దాల్చాతో అన్నం పెడతారు. పొడుగాటి తెల్లగుడ్డ నేల మీద పరుస్తారు, దాని చుట్టూ కూర్చుని తింటారు. బాబా గురువు నాటి నుంచి వస్తున్న పద్ధతి ఒకటుంది. మంచాన పడ్డ వాళ్లకు తప్ప ఆ అన్నం గుడ్డ దాటి పోదు. రోజూ వచ్చేవాళ్లు చేరేదాకా ముద్ద ఎవరూ ఎత్తరు. ఒక్కరు ఆలస్యమైనా అందరూ ఆకలితో ఉండటమే. కింది వీధుల్లోని ముసలివాళ్లు దర్గాకు పోయే ఎగువ దారిలో మెల్లగా ఎక్కి వచ్చేవాళ్లు. వాళ్లలో ఓబులమ్మ అవ్వ నోరు పెద్దది. వచ్చిన ప్రతిరోజూ దాల్చాలో పులుపు చాల్లేదని తిట్టి, రెండోసారి పెట్టించుకుని తినేది.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో ఆదోనిలో ఉన్న బాబా అన్నగారికి జబ్బు చేసింది. బాబా అక్కడికి వెళ్లాడు. వెళ్తూ దర్గా పని చెన్నకేశవులుకు అప్పజెప్పాడు.

మండే ఎండలు. ఒకరోజు ఓబులమ్మ అవ్వ దారిలో గోడ పట్టుకుని నిలబడి ఆయాసపడుతుంటే చెన్నకేశవులు చూశాడు. ఇంత ముసలిదాన్ని ముద్ద అన్నం కోసం ఇంత దూరం నడిపించడం ఏం ధర్మం అనుకున్నాడు. మర్నాడే క్యారియర్లు తెప్పించాడు. దాల్చా, అన్నం సర్ది, రెండు చేతుల్లో పట్టుకుని కింది వీధులకు పరుగు తీశాడు.

"నేనే వస్తాలే నాయనా" అంది ఓబులమ్మ అవ్వ మొదటిరోజు.

"వద్దవ్వా. దావలో పడితే తుంటి ఇరుగుతాది. నీకెవురు దిక్కు? నువ్వు గమ్మున ఇంట్లో కూర్చో, నేను లేనా?"

ఈ మాటే ఇంటింటికీ చెప్పాడు. భయపెట్టి మరీ చెప్పాడు. క్యారియర్ గడప దగ్గర పెట్టి, "అవ్వా, అన్నం!" అని కేకేసి, అవ్వ బదులిచ్చేలోపల వీధి మలుపు తిరిగేవాడు. నిన్నటికంటే ఇవాళ త్వరగా ముగిసిందని మురిసిపోయేవాడు. పొద్దున పరుగుకు మధ్యాహ్నం పరుగు తోడైంది. ఒళ్లు ఇనుమైంది. సేవ అంటే ఇది గదా అనుకున్నాడు. పాపం, నిజంగానే అనుకున్నాడు.

వానలు పడే వేళకు బాబా తిరిగివచ్చాడు. మధ్యాహ్నం తెల్లగుడ్డ పరిచారు. సగం ఖాళీ.

"మనవాళ్లు ఏరి?" అన్నాడు బాబా.

చెన్నకేశవులు ఉత్సాహంగా అంతా చెప్పాడు. ఎండ, ఆయాసం, క్యారియర్లు, తన పరుగు. "ఒక్కరికి కూడా శ్రమ లేకుండా చేసినా బాబా. అన్నం గడప దాకా పోతాంది."

బాబా ఖాళీగా ఉన్న గుడ్డను ఆ చివర దాకా చూశాడు. తరువాత "నువ్వు బాగా అలిసిపోయుంటావు బేటా" అన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున చెన్నకేశవులు బూట్లు కట్టుకుని తలుపు తీసేసరికి వాకిట్లో ఆటో ఉంది. నడిపేది మౌలాలి, దర్గాకు సామాన్లు తోలేవాడు. వెనక సీట్లో శాలువా కప్పుకుని బాబా కూర్చుని ఉన్నాడు.

"ఎక్కు."

"యాడికి బాబా?"

"నువ్వు పరుగెత్తే చోటికే."

గురువు రమ్మంటే కాదనే అలవాటు లేదు. ఎక్కాడు. ఆటో స్టేషను రోడ్డు దాటింది, బైపాసు ఎక్కింది, పాల డెయిరీ దాకా పోయింది. పాలవాళ్లు సైకిళ్లు ఆపి మరీ చూశారు.

"ఇక్కడేనా నువ్వు వెనక్కి తిరిగేది?"

"అవును బాబా."

"మౌలాలీ, తిప్పు."

మళ్లీ ఇంటి ముందు ఆపించాడు. "అయిపోయింది. నీ పరుగు నీ గడప దాకా తెచ్చిచ్చినా. దిగు" అన్నాడు.

చెన్నకేశవులు నిర్ఘాంతపోయాడు. తమాషా అనుకుందామంటే బాబా ముఖంలో నవ్వు లేదు. మధ్యాహ్నం దర్గాకు పోతే అక్కడ ఇంకో దెబ్బ. క్యారియర్లన్నీ మౌలాలి ఆటోలో ఎక్కి ఉన్నాయి. నీడలో ఒక కుర్చీ వేసి ఉంది. "నువ్వు కూర్చో బేటా" అన్నాడు బాబా. గరిటె పట్టబోతే ఎవరో వచ్చి తీసుకున్నారు. చీపురు కోసం చూస్తే చీపురు లేదు.

మర్నాడూ ఆటో వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. మోకాళ్లు పట్టేశాయి. షుగరు చూపిస్తే ఎక్కింది. భార్య నాగరత్న "బాబా ఏదో పరీక్ష పెడతాండారేమో, ఓర్చుకోండి" అంది. ఏం తప్పు చేశానో తెలిస్తే గదా ఓర్చుకోవడానికి అని ఆమె మీద అరిచాడు. ఎన్నడూ అరవని మనిషి. ఆమె బిత్తరపోయి లోపలికి వెళ్లిపోయింది.

గురువారం వచ్చింది. దర్గా నిండా జనం. ఆ జనం మధ్య కుర్చీలో కూర్చోబెట్టిన చెన్నకేశవులు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"బాబా! నన్ను చంపాలనుకుంటాండారా?"

అందరూ తలలు తిప్పారు. ఆ దర్గాలో బాబా ముందు గొంతు పెంచిన మనిషిని అంతవరకు ఎవరూ చూడలేదు.

"నీకు శ్రమ లేకుండా చేసినా గదా" అన్నాడు బాబా.

"ఆ శ్రమే బాబా నా బతుకు! దాన్ని తీసేసుకుంటే నాకింకేం మిగిలె? దీన్ని మేలంటారా మీరు?"

బాబాకు మాత్రం కోపం రాలేదు. వంటగదిలోకి వెళ్లి తన చేత్తో ఒక క్యారియర్ నింపి తెచ్చాడు.

"ఇది ఓబులమ్మకు. గడప దగ్గర పెట్టి రావొద్దు. లోపలికి పో."

చెన్నకేశవులు ఆ ఎగువ దారి దిగిపోయాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. అలవాటు చొప్పున "అవ్వా, అన్నం!" అని కేకేశాడు. ఈసారి కదలకుండా నిలబడ్డాడు.

లోపల్నుంచి ఏదో నేల మీద రాసుకుంటున్న శబ్దం. ఆగింది. మళ్లీ వచ్చింది. ఆయన తలుపు తోశాడు.

ఓబులమ్మ అవ్వ నేల మీద కూర్చుని, రెండు అరచేతులూ కింద ఆనించి, ఒళ్లంతా ముందుకు జరుపుకుంటూ గడప వైపు వస్తోంది. కాళ్లు రెండూ ముందు చాచి ఉన్నాయి, అవి తనవి కానట్టు. చీరె వెనక భాగం నేలకు రాసి రాసి చిరిగింది. ఆమె చేతికర్ర మూలన బూజు పట్టి ఉంది.

ఇన్నాళ్లుగా తాను మలుపు తిరిగాక ఈ ఇంట్లో రోజూ జరుగుతున్నది ఇదా?

అవ్వ తలెత్తి ఆయనను గుర్తుపట్టింది. ముఖం విప్పారింది.

"వస్తివా నాయనా! ఇన్నాళ్లకు లోపలికొస్తివి. నువ్వు సల్లగా ఉండాల. నీ పున్నెమా అని కాలు కింద పెట్టకుండా బతుకుతాండా."

ఆమె తిట్టినా అంత తగిలేది కాదు.

"అవ్వా, లెయ్యి. ఒక్కసారి లెయ్యి" అన్నాడు. చంకల కింద చేతులు వేసి లేపాడు. పిట్టంత బరువు. పాదాలు నేలకు ఆనాయి, వణికాయి, మడతపడ్డాయి. మనిషంతా ఆయన చేతుల్లోకి జారింది.

అవ్వ సిగ్గుపడుతూ నవ్వింది. "మర్చిపోయినాయి నాయనా, కాళ్లు."

చెన్నకేశవులు దర్గాకు నడిచి వచ్చాడు. బాబా ముందు నిలబడ్డాడు. "బాబా" అన్నాడు. "ఇంకా ఎవరెవరు ఇట్లా?"

"పంచింది నువ్వు. నన్నడుగుతావేంది?" అన్నాడు బాబా. ఆగి, "రేపట్నుంచి ఆటో రాదులే" అన్నాడు.

ఆ సాయంత్రమంతా ఆయన ఇంటింటికీ తిరిగాడు. ప్రతి గడపా దాటి లోపలికి పోయాడు. కొందరికి ఏమీ కాలేదు, పిలిస్తే వస్తామన్నారు. కొందరు గోడ పట్టుకుంటే గానీ నిలబడలేకపోయారు. పక్కీరప్ప తాత మాత్రం మంచంలోనే ఉన్నాడు. ఇక లేచేలా లేడు. ఆయన పెద్దవాడు, ఎట్లాగైనా మంచాన పడేవాడే అని ఊళ్లోవాళ్లు తరువాత అన్నారు. బాబా ఆ మాట అనలేదు. తాత మంచం పక్కన కూర్చుని చెన్నకేశవులు కన్నీళ్లు పెట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఓబులమ్మ అవ్వ ఇంటికి వట్టి చేతులతో వెళ్లాడు.

"అన్నమేదీ?"

"దర్గాలో ఉండాదవ్వా. పోదాం రా."

అవ్వ నోరు విప్పింది. కాళ్లు మర్చిపోయినా తిట్లు మర్చిపోలేదు. ఆశ పెట్టి మోసం చేసినాడని, ముసలిదాని నోటికాడ కూడు లాక్కుంటాండాడని వీధి వీధంతా వినేలా తిట్టింది. చెన్నకేశవులు కర్ర బూజు దులిపి ఒక చేతికిచ్చాడు. రెండో చేయి తన భుజం మీద వేసుకున్నాడు. గడప దాటారు.

పరుగులో ఊరినే చుట్టేసే మనిషికి ఆ ఒక్క వీధి ముగియలేదు. అవ్వ ఒక అడుగు వేయడం, ఆగడం, తిట్టడం. ఇంకో అడుగు వేయడం. నాలుగైదు ఇళ్లు దాటేసరికి ఆమె ఒక అరుగు మీద కూలబడింది.

"నా వల్ల కాదు పో. చస్తే ఇక్కడే చస్తా."

ఎగువన దర్గా కనిపిస్తూనే ఉంది. అక్కడ అందరూ గుడ్డ చుట్టూ కూర్చుని, ముద్ద ఎత్తకుండా ఎదురుచూస్తుంటారు. ఆయన కాళ్లు పరుగు కోసం తహతహలాడాయి. ఈ పిట్టంత మనిషిని ఎత్తుకుని పరుగు తీస్తే చిటికెలో చేరిపోవచ్చు. వంగాడు కూడా. ఆమె చంకల కిందికి చేతులు పోయాయి.

చేతులు వెనక్కి తీసుకున్నాడు. అరుగు మీద ఆమె పక్కనే కూర్చున్నాడు.

అట్లా ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. ఎగువ నుంచి మనుషుల అలికిడి వినిపించి తలెత్తాడు. ముందు నూర్ బాబా దిగి వస్తున్నాడు, భుజాన తెల్లగుడ్డ వేసుకుని. వెనక దాల్చా గిన్నె మోస్తూ ఇద్దరు, అన్నం గంప మోస్తూ ఇద్దరు, వాళ్ల వెనక ఆకలితో ఉన్న జనమంతా.

బాబా ఆ అరుగు ముందు, నడివీధిలో, గుడ్డ పరిచాడు. అందరూ చుట్టూ కూర్చున్నారు. వడ్డించారు. ఓబులమ్మ అవ్వ బిత్తరపోయి చూస్తోంది.

"సామీ, మీరే దిగొస్తిరా!" అంది చివరికి. "ఇంకేం, రేపు కూడా ఈడనే పరచండి."

"లేదమ్మా. రేపు గుడ్డ దర్గా వైపు ఒక ఇల్లు వెనక్కి పోతాది."

అవ్వ ఎగువకు చూసింది. పక్కింటి వాకిలి చూసి ముఖం ముడుచుకుంది.

"అది సుంకమ్మ ఇల్లు. దానికీ నాకూ మాటల్లేవు. దాని వాకిట్లో కూర్చొని నేను ముద్ద ముట్టను."

నూర్ బాబా ఆమె పళ్లెంలో ఇంకో గరిటె దాల్చా పోశాడు.

"అయితే ఇంకో ఇల్లు ఎక్కువ నడువు" అన్నాడు.