పొరుగింటి కంచె

పనసలకోన అడవిలో జింకలు, ఎలుగులు, ఉడుతలు, ఇంకా ఎన్నో జంతువులు ఉండేవి. ఆ అడవిలోనే నూకాలు అనే ముళ్ళపంది, పైడమ్మ అనే అడవికోడి ఇరుగుపొరుగున కాపురం ఉండేవి. రెండిళ్ళ పెరళ్ళలోనూ బొప్పాయి, జామ చెట్లున్నాయి.

ఒక ఏడు ఆ అడవికి ఒక మానుపిల్లి వచ్చింది. పొద్దుగూకగానే చెట్లెక్కి పళ్ళు కొరికేది. ఇళ్ళలో దూరి గుడ్లు, గింజలు తినేది. నూకాలు పెరట్లో ఒక్క మంచి పండూ మిగల్లేదు; అది కొరికి పడేసినవి నేల మీదే కుళ్ళేవి. పైడమ్మ పెరట్లో ఒక్క పండూ పోలేదు.

పైడమ్మ రోజూ చీకటి పడకముందే రాలిన పళ్ళన్నీ ఏరి గోతిలో పూడ్చేది. ఇంటి కప్పు మీదికి వాలిన జామకొమ్మను కొట్టేసింది. పెరటి చుట్టూ రేగుకంపతో కంచె వేసింది.

జంతువులన్నీ ఆమెను మెచ్చుకునేవి. ఆ మాట విన్నప్పుడల్లా నూకాలుకు కడుపు మండిపోయేది. పైడమ్మ నవ్వితే తనను చూసే నవ్విందనుకునేది.

ఒకరోజు పైడమ్మే వచ్చి, కంచె వేసుకోమని, తానూ సాయం చేస్తానని చెప్పింది.

"ఒంటి నిండా ముళ్ళున్నదాన్ని. నాకు నువ్వు ముళ్ళకంచె నేర్పుతావా?" అని నూకాలు ముఖం తిప్పుకుంది.

కొన్నాళ్ళకు పైడమ్మ గుడ్లు పెట్టి పొదగసాగింది. అడవంతా చూడటానికి వచ్చింది. నూకాలు ఇంటివైపు ఎవరూ తొంగి చూడలేదు. ఆమె ఇక ఓర్చుకోలేకపోయింది. సాయంత్రం వెళ్ళి పైడమ్మ కంచెలో కొంత కంప లాగేసింది. తన పెరట్లో రాలిన బొప్పాయి ముక్కలు ఆ సందులో పెట్టింది. లోపలున్న గుడ్లు గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగింది. అయినా ముక్కల్ని వెనక్కి తీయలేదు. పొదచాటున కూర్చుని మానుపిల్లి కోసం ఎదురుచూసింది.

పైడమ్మ ఎప్పటిలాగే పళ్ళు ఏరడానికి బయటికి వచ్చింది. ముక్కల్ని చూసి పూడ్చేసింది. సందును మళ్ళీ కంపతో మూసింది. నూకాలు కోపంతో పళ్ళు నూరింది. మానుపిల్లి ఎలాగైనా దూరకపోతుందా అని ఆ కంచెనే చూస్తూ ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే మానుపిల్లి నూకాలు పెరట్లోకి వచ్చింది. కుళ్ళిన పళ్ళ వాసన దాన్ని అక్కడికి లాక్కొచ్చింది. కప్పు మీదికి వాలిన కొమ్మ పట్టుకుని ఇంట్లో దిగింది. నూకాలు ఇల్లు చేరేసరికి కప్పుకు పెద్ద కన్నం పడి ఉంది. విత్తనాల కుండ బోర్లా పడి ఉంది. తొలకరికి చల్లుకోవడానికి ఒక్క జొన్నగింజ కూడా మిగల్లేదు.

మర్నాడు పైడమ్మ ఆమెను కంచె దగ్గరికి పిలిచింది. నల్లటి చారలున్న పొడవాటి ముల్లు ఒకటి ఆమె ముందు పెట్టింది.

"కంచె సందులో దొరికింది. ఇది రేగుముల్లు కాదు వదినా. లోపల గుడ్లలో నా పిల్లలున్నారు," అంది.

నూకాలు తలెత్తలేకపోయింది. పైడమ్మ లోపలికి వెళ్ళి, ఆకులో మూటగట్టిన జొన్నవిత్తనాలు తెచ్చి కంచె మీదుగా అందించింది. నూకాలు ఆ మూట అందుకుని, తన ఇంటి కప్పు మీదికి వాలిన కొమ్మను కొట్టడానికి వెళ్ళింది.

నీతి: పొరుగింటి మీద పెట్టిన కన్ను సొంతింటిని కాయలేదు.